నిమ్మకాయల ఓడలో వచ్చిన మాట

మన పేపర్లలో ఇసుక మాఫియా, ల్యాండ్ మాఫియా, రేషన్ బియ్యం మాఫియా లేని వారం ఉండదు. టీవీ చర్చల్లో అయితే మరీ సులువు, ఎదుటివాడి వ్యాపారం పేరు చెప్పి చివర మాఫియా అని తగిలిస్తే చాలు, ఇంక సాక్ష్యాలు ఎవరూ అడగరు. ఈ మాట ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ దీవి నుంచి వచ్చిందని చాలామందికి తెలుసు. అమెరికాలో ఇది ఇంటింటి మాట అయింది ఏ ఊరి వల్ల అని అడిగితే మాత్రం న్యూయార్క్ అనో షికాగో అనో అంటారు, సినిమాల పుణ్యం. ఆ ఊరు న్యూ ఓర్లీన్స్. మిసిసిపీ నది సముద్రంలో కలవబోయే ముందు ఉండే రేవు పట్టణం. 1890 చివర్లో అక్కడి పేపర్లు ఈ మాటని పట్టుకుని ఊదరగొట్టాయి, అయిదు నెలలు తిరిగేసరికి 11 మంది ప్రాణాలు పోయాయి.

ఈ కథ గురించి చదివేటప్పుడు రెండు వాదాలు ఎదురవుతాయి. మాఫియా లేదు గీఫియా లేదు, అదంతా పేద వలస జనం మీద తెల్లవాళ్లు అల్లిన కథ అని ఒకటి. అమెరికాలో మాఫియాకి పుట్టిల్లే న్యూ ఓర్లీన్స్, మిగతా ఊళ్లకి అక్కణ్ణుంచే పాకింది అని ఇంకోటి. ఇద్దరికీ బోలెడు ఆధారాలున్నాయి, అదే చిక్కు. నాకు అనిపించేది ఏమిటంటే ఇద్దరూ సిసిలీ మనుషుల స్వభావంలో ఏముందో వెతుకుతున్నారు. రేవులో సరుకు ఎవరు దించేవారు, ఎవరి చేతికి కూలి డబ్బు వచ్చేది, ఊళ్లో షెరీఫ్ ఎవరికి కళ్లు మూసుకునేవాడు అని వెతికితే చాలా ముడులు వాటంతటవే వదులవుతాయి.

ముందు నిమ్మకాయల సంగతి చూద్దాం.

పందొమ్మిదో శతాబ్దంలో సిసిలీలోని పెద్ద రేవు పట్టణం పలెర్మో చుట్టూ ఉన్న లోయంతా నిమ్మ, నారింజ తోటలే. ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకి స్కర్వీ అనే జబ్బు రాకుండా నిమ్మరసం కాపాడుతుందని తెలిశాక ఆ పండుకి యూరప్‌లోనూ అమెరికాలోనూ విపరీతమైన గిరాకీ వచ్చింది. నిమ్మతోట పెట్టినవాడికి డబ్బే డబ్బు, అయితే నిద్ర ఉండదు. నీళ్లు కావాలి, గోడ కావాలి, కాపలా కావాలి, ఒక్క రాత్రి నలుగురు దొంగలు పడితే ఏడాది పంట సంచుల్లోకి పోతుంది. పోలీసు మీద నమ్మకం లేని చోట ఆ కాపలాకి డబ్బు తీసుకునేవాడు నెమ్మదిగా తోట యజమాని కంటే పెద్దవాడైపోతాడు. సిసిలీలో మాఫియా ఎక్కడెక్కడ ముందు తలెత్తిందో లెక్కలు తీసిన ఆర్థికవేత్తలు కొందరు దానికి ఈ నిమ్మతోటలతో గట్టి సంబంధం ఉందని చూపించారు. చేతిలో డబ్బున్న పంట, చేతకాని ప్రభుత్వం, ఈ రెండూ కలిసిన చోట పుట్టిన వ్యాపారం అది.

ఆ నిమ్మకాయల ఓడలు పలెర్మో నుంచి నేరుగా న్యూ ఓర్లీన్స్‌కి వచ్చేవి. ఓడ దారి ఉన్నప్పుడు మనుషులు రావడం ఎంతసేపు? 1861లో ఇటలీ ఒక్క దేశమయ్యాక దక్షిణాది రైతుకి దక్కింది కొత్త పన్నులు, కుర్రాళ్లకి నిర్బంధ సైనిక సేవ. ఇటు న్యూ ఓర్లీన్స్ ఉన్న లూయిసియానా రాష్ట్రంలో 1865తో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయింది. చెరకు తోటల దొరలకి చవగ్గా పనిచేసే చేతులు కావాలి, అప్పటిదాకా కొరడా కింద పనిచేసిన నల్లవాళ్లు కూలి అడుగుతున్నారు, ఓటు కూడా అడుగుతున్నారు. అందుకని ముందు చైనా వాళ్లని తెప్పించి చూశారు, తర్వాత సిసిలీ వాళ్లని. బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరకు తోటలకి మన కోరంగి రేవు నుంచి కూలీల్ని ఓడలెక్కించిన కథ తెలిసినవాళ్లకి ఇందులో ఒక్క మెలికా కొత్తగా ఉండదు.

చెరకు నరికే కాలాన్ని సిసిలీ వాళ్లు జుక్కరాతా అనేవారు. అక్టోబర్‌లో మొదలై శీతాకాలం దాకా సాగేది. ఆ మూడు నెలలు ఒళ్లు హూనం చేసుకుని, దాచిన డబ్బుతో కొందరు వెనక్కి పోయేవారు, కొందరు న్యూ ఓర్లీన్స్‌కి చేరి బండి మీద పళ్లమ్మేవారు. బండి నుంచి చిన్న కొట్టు, కొట్టు నుంచి వీధి మూల కిరాణా. కాంటెస్సా ఎంటెల్లీనా, ఉస్తికా, చెఫాలూ, ఇలా ఒక్కో ఊరివాళ్లు ఒక్కో సంఘం పెట్టుకున్నారు, ఎవరైనా పోతే అంత్యక్రియల ఖర్చు సంఘానిదే. ఉస్తికా వాళ్ల సంఘం 1879 నాటిది. ఈరోజు టూరిస్టులు ఫోటోలు తీసుకునే ఫ్రెంచ్ క్వార్టర్‌లో నది వైపు భాగాన్ని అప్పట్లో లిటిల్ పలెర్మో అనేవారు. ఫ్రెంచి వాళ్లు వదిలేసిన పాత మేడల్లో గదికో కుటుంబం, కింద ముంగిట్లో మేకలు, కోళ్లు.

తెల్లవాళ్ల కంటికి వీళ్లు ఏమిటో తేలలేదు. కాగితం మీద తెల్లవాళ్లే. కానీ నల్లవాళ్ల పక్కన పొలంలో పనిచేస్తారు, నల్లవాళ్ల పేటలో కొట్లు పెడతారు, వాళ్లకి అప్పిస్తారు, ఇది చాలామందికి కంటగింపు అయింది. పైగా పట్టణ రాజకీయాల్లో వీళ్ల ఓట్లు పాత డెమోక్రాటిక్ వర్గానికి పడేవి, ఆ వర్గాన్ని గద్దె దించి మేయరైన జోసెఫ్ షేక్‌స్పియర్‌కి (నాటకాల షేక్‌స్పియర్‌కి ఈయనకి ఏ సంబంధమూ లేదు) ఇటాలియన్లంటే గిట్టేది కాదు.

ఇక రేవు. మన భాషలో ఒక తమాషా ఉంది. ముఠా అంటే నేరస్తుల గుంపు, ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు కూడా. ముఠా మేస్త్రి అంటే ఆ జట్టుకి పెద్ద. అతని మాట లేకుండా మార్కెట్ యార్డులో లారీ నుంచి ఒక్క బస్తా దిగదు. న్యూ ఓర్లీన్స్ గొడవ అర్థం కావడానికి ఈ ఒక్క తెలుగు మాట చాలు. మధ్య అమెరికా నుంచి అరటి గెలలు, కొబ్బరి, పైనాపిల్ ఓడల్లో వచ్చేవి. అరటిపండు ఎవరి కోసమూ ఆగదు. ఓడ రేవులో రెండు రోజులు నిలబడితే సరుకంతా నదిలో పారబోసుకోవాల్సిందే. కాబట్టి ఓడ వచ్చిన రాత్రే, గంటల్లో, సరుకు దించి పెట్టగల జట్టు ఎవరి చేతిలో ఉంటే వ్యాపారి జుట్టు వాడి చేతిలో ఉన్నట్టే. కూలీకి పని కావాలన్నా ఆ మేస్త్రినే అడగాలి, వచ్చిన కూలిలో కొంత అతనికి ఇవ్వాలి.

ఆ పని చాలాకాలం ప్రొవెంజానో అన్నదమ్ముల చేతిలో ఉండేది. 1880లలో పళ్ల వ్యాపారులు దాన్ని వాళ్ల దగ్గర్నుంచి తీసి మట్రాంగా అన్నదమ్ములకి ఇచ్చారు. ఆ వ్యాపారుల్లో పెద్ద తలకాయ జోసెఫ్ మచేకా, లూయిసియానాలోనే పుట్టినవాడు, సొంత ఓడలున్నవాడు. 1890 మే నెలలో ఒక రాత్రి ఓడ దించి బండిలో ఇళ్లకి పోతున్న మట్రాంగా మనుషుల మీద చీకట్లోంచి కాల్పులు జరిగాయి. టోనీ మట్రాంగాకి కాలు తీసేయాల్సి వచ్చింది. కాల్చింది ప్రొవెంజానోలే అని కేసు పెట్టారు. శిక్ష పడింది, తర్వాత జడ్జి మళ్లీ విచారణకి ఒప్పుకున్నాడు. ఆ రెండో విచారణలో పోలీసు పెద్ద డేవిడ్ హెన్నెసీ ప్రొవెంజానోల తరఫున సాక్ష్యం చెప్పబోతున్నాడని ఊరంతా గుసగుసలు.

హెన్నెసీ కూడా పాలూ నీళ్లూ ఎరగని పసివాడేం కాదు. 1881లో ఎస్పోజితో అనే పరారీలో ఉన్న ఇటాలియన్ బందిపోటుని పట్టుకుని పేరు తెచ్చుకున్నాడు. అదే సంవత్సరం డిటెక్టివ్‌ల అధిపతిని కాల్చి చంపిన కేసులో తనూ తన కజినూ కలిసి బోనెక్కాడు, ఆత్మరక్షణ కింద బయటపడ్డాడు. అంటే ఆ ఊళ్లో పోలీసు కూడా ఒక వర్గమే, వాళ్ల చేతుల్లోనూ తుపాకులు తేలిగ్గానే పేలేవి. సిసిలీ వాళ్లు వచ్చి పాడుచేయడానికి అక్కడ రామరాజ్యం ఏమీ నడవడం లేదు.

1890 అక్టోబర్ 15 రాత్రి, వాన పడి వీధులన్నీ తడిగా ఉన్నాయి. హెన్నెసీ తన తోటి అధికారి ఓకానర్‌తో కలిసి కొంత దూరం నడిచాడు. ఓకానర్ తన దారిన పోయాడు, హెన్నెసీ తల్లితో కలిసి ఉండే గిరాడ్ వీధి ఇంటి వైపు తిరిగాడు. వీధికి అటువైపు నుంచి తుపాకులు పేలాయి. ఓకానర్ పరుగెత్తుకుంటూ వచ్చి ఎవరు కొట్టారు అని అడిగితే, హెన్నెసీ అతని చెవిలో "డేగోలు" అన్నాడట. డేగో అంటే ఇటాలియన్లని తిట్టే మాట. ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఆ మాట విన్నది ఓకానర్ ఒక్కడే. హెన్నెసీ మర్నాడు ఉదయం దాకా బతికే ఉన్నాడు, ఆస్పత్రిలో మనుషులతో మాట్లాడాడు, కానీ తనని కాల్చినవాళ్ల పేరు ఒక్కటీ చెప్పలేదు. ఎంతో కీలకమైన కేసంతా నిలబడ్డ పునాది రాయి ఒకరి చెవిలో పడిన ఒక తిట్టు.

మేయర్ పోలీసులకి ఇచ్చిన ఆదేశం, పేటంతా గాలించండి, కనబడిన ప్రతి ఇటాలియన్నీ అరెస్ట్ చేయండి అని. 250 మంది దాకా పట్టుకొచ్చారంటారు. ఊరి పెద్దమనుషులతో ఒక యాభై మంది కమిటీ వేశారు, వాళ్లు ఇటాలియన్లకి బహిరంగ లేఖ రాశారు, మీలో నేరస్తులు ఎవరో పేరు రాయకుండానైనా ఉత్తరం రాసి చెప్పండి, లేకపోతే మేమే చూసుకుంటాం అనే ధోరణిలో. ఆకాశరామన్న ఉత్తరాలు అడిగి మరీ తెప్పించుకున్నారన్నమాట. చివరికి 19 మంది మీద అభియోగం మోపారు. అందులో కోటీశ్వరుడు మచేకా ఉన్నాడు, హెన్నెసీ ఇంటికి ఎదురుగా చిన్న గుడిసెలో చెప్పులు కుట్టుకునే పియెత్రో మొనాస్తెరియో ఉన్నాడు, గాస్పరే మార్కేసీ అనే 14 ఏళ్ల పిల్లాడు కూడా ఉన్నాడు.

మొదటి విడతలో 9 మందిని విచారించారు. 1891 మార్చి 13న తీర్పు వచ్చింది: ఆరుగురు నిర్దోషులు, ముగ్గురి విషయంలో జ్యూరీకి ఏకాభిప్రాయం కుదరలేదు. జ్యూరీకి లంచాలు ముట్టాయని ఊరంతా అంది. కొందరిని కొనడానికి బయట బేరాలు జరిగిన మాట నిజమే, దాని మీద కేసులూ నడిచాయి. కానీ అసలు సాక్ష్యమే పేలవంగా ఉందన్న సంగతి కూడా అంతే నిజం. చీకటి, వాన, వీధి దీపం వెలుగులో దూరం నుంచి చూసిన ముఖాలు. ఇంకో అభియోగం మిగిలి ఉండటంతో నిర్దోషులైన వాళ్లని కూడా ఆ రాత్రి మళ్లీ జైలుకే తీసుకెళ్లారు.

మర్నాడు పొద్దున పేపర్లలో ఒక ప్రకటన. మంచి పౌరులందరూ ఉదయం 10 గంటలకి కెనాల్ స్ట్రీట్‌లో హెన్రీ క్లే విగ్రహం దగ్గరికి రావాలి, హెన్నెసీ కేసులో న్యాయం చేయలేకపోయిన లోటు తీర్చాలి, చేతలకి సిద్ధపడి రండి. కింద 60 మందికి పైగా పెద్దమనుషుల సంతకాలు, లాయర్లు, వ్యాపారులు, ఒక పేపరు సంపాదకుడు. ముసుగులు లేవు, మారుపేర్లు లేవు. మూక అంటే మనకి తాగిన జనం గుర్తొస్తారు గానీ ఈ మూకకి నాయకుడు పార్కర్సన్ అనే లాయర్, మేయర్ వర్గం రాజకీయాల్లో ముఖ్యుడు. విగ్రహం ఎక్కి నాలుగు మాటలు మాట్లాడి, తుపాకులు తెచ్చుకున్నవాళ్లని వెంటబెట్టుకుని జైలుకి నడిచాడు. వెనక వేలమంది.

జైలు అధికారి ముందు తలుపు బిగించి, ఇటాలియన్ ఖైదీల్ని గదుల్లోంచి వదిలేసి ఎక్కడ దాక్కోగలిగితే అక్కడ దాక్కోమన్నాడు. అంతకన్నా అతను చేయగలిగింది లేదు, చేయాల్సినవాళ్లు ఆ పూట ఎవరికీ దొరకలేదు. పక్క తలుపుని దుంగతో బద్దలుకొట్టి లోపలికి వెళ్లారు. తొమ్మిది మందిని లోపలే కాల్చేశారు. పొలిజ్జీ, బన్యెట్టో అనే ఇద్దరిని బయటికి లాక్కొచ్చి జనం చూడటానికి వేలాడదీశారు, ఒకర్ని వీధి దీపానికి, ఒకర్ని చెట్టుకి.

చనిపోయిన 11 మందిలో ముగ్గురు ముందురోజే నిర్దోషులుగా తేలినవాళ్లు. ముగ్గురు జ్యూరీ ఎటూ తేల్చలేకపోయిన వాళ్లు. మిగతా అయిదుగురి మీద అసలు విచారణే మొదలుకాలేదు. దోషి అని కోర్టు చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఇంకో వింత, ఊరంతా మాఫియా నాయకుడు అని వేలెత్తి చూపించిన చార్లీ మట్రాంగా ఆ పూట దాక్కుని బతికిపోయాడు. తర్వాత కొన్నాళ్లకి వదిలేశారు, మళ్లీ అదే రేవులో అదే పని చేసుకుంటూ ముసలితనం దాకా బతికి 1943లో పోయాడు. పెద్దమనుషులు మాఫియాని తుడిచిపెట్టామని చెప్పుకున్నారు గానీ వాళ్లు వేలెత్తి చూపిన నాయకుడు బతికే ఉన్నాడు, చచ్చినవాళ్లలో చెప్పులు కుట్టేవాడూ పళ్లబండివాడూ ఉన్నారు.

ఊళ్లో పత్తి వ్యాపారుల ఎక్స్చేంజ్ లాంటి సంస్థలు ఈ పనిని మెచ్చుకుంటూ తీర్మానాలు చేశాయి. ఎవరి మీద కేసు పెట్టాలో తేల్చే గ్రాండ్ జ్యూరీ మూక మీద ఒక్క కేసూ పెట్టలేదు. తర్వాత దేశాధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ అప్పుడు వాషింగ్టన్‌లో అధికారి, తన అక్కకి రాసిన ఉత్తరంలో ఇది ఒకరకంగా మంచి పనే అన్నాడు. ఇటలీ తన రాయబారిని వెనక్కి పిలిపించుకుంది, కొన్నాళ్లు యుద్ధం వస్తుందన్న పుకార్లు కూడా నడిచాయి. చివరికి 1892లో అమెరికా ప్రభుత్వం దాదాపు 25,000 డాలర్లు పరిహారం కట్టి గొడవ సర్దుకుంది. ఆ ఏడాదే అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ కొలంబస్ వచ్చి 400 ఏళ్లయిందని దేశమంతా పండగ చేయమన్నాడు, దాని వెనక ఇటాలియన్లని మంచి చేసుకునే ఉద్దేశం కూడా ఉందని చాలామంది చరిత్రకారులు అంటారు. ఇవాళ కొలంబస్ విగ్రహాల మీద జరిగే రభసలో ఇటాలియన్ అమెరికన్లు ఎందుకు అంత పట్టుదలగా ఉంటారో ఈ ముక్క తెలిస్తే కొంత అర్థమవుతుంది, ఒప్పుకోకపోయినా.

మరి మాఫియా ఉందా లేదా? నా అభిప్రాయం చెబుతాను. రేవు మీద పట్టుకోసం తుపాకులు పట్టిన రెండు జట్లు ఉన్నాయి, బెదిరింపులున్నాయి, హత్యలున్నాయి, అవి కల్పన కాదు. కానీ సముద్రం అవతల నుంచి ఆదేశాలు వచ్చే ఒక రహస్య సంఘం, అందులో ప్రతి సిసిలియనూ సభ్యుడో సానుభూతిపరుడో అన్నది మాత్రం కోర్టులో నిలబడలేదు. అప్పట్లో అమెరికన్ రేవుల్లో ఐరిష్ జట్లు, జర్మన్ జట్లు కూడా ఇలాగే కొట్టుకునేవి. వాళ్లు కొట్టుకుంటే రేవు గొడవ అనేవారు, వీళ్లు కొట్టుకుంటే జాతి లక్షణం అన్నారు. ఆ తేడా ఒక్క న్యూ ఓర్లీన్స్‌తో ఆగలేదు. 1899లో అదే రాష్ట్రంలోని టల్లూలా అనే చిన్న ఊళ్లో, ఒక డాక్టరుకీ ఒక సిసిలీ కుటుంబానికీ మేక గురించి వచ్చిన తగువు ముదిరి అయిదుగురు సిసిలీ వాళ్లని ఉరివేశారు. మేక గురించి.

వలస జనంలో పుట్టిన నేరానికి మొదట బలయ్యేది ఆ జనమే, ఇది రెండు వాదాల వాళ్లూ దాటేసే సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కిరాణా కొట్ల వాళ్లకీ కాస్త చేతిలో డబ్బున్న ఇటాలియన్లకీ నల్ల చెయ్యి బొమ్మ వేసిన ఉత్తరాలు వచ్చేవి, ఇంత డబ్బు ఫలానా చోట పెట్టు లేకపోతే కొట్టు తగలబెడతాం అని. ఉత్తరం రాసినవాడు పొద్దున నీ కొట్లో ఉల్లిపాయలు కొన్నవాడే అయ్యుండొచ్చు. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే 1891లో వాళ్లు ఏం చేశారో గుర్తుంది. ఒమెర్తా, అంటే నోరు మెదపకపోవడం, సిసిలీ సంస్కృతి అని తేలిగ్గా రాసేస్తారు గానీ ఫిర్యాదు చేస్తే పేటంతా అరెస్టయ్యే ఊళ్లో ఎవరైనా నోరు మెదుపుతారా? అయినా మెదిపారు. 1907లో లమానా అనే అంత్యక్రియల వ్యాపారి చిన్నకొడుకుని ఎత్తుకుపోయి 6,000 డాలర్లు అడిగినప్పుడు ఇటాలియన్లే కమిటీ వేసుకుని వెతకడానికి దిగారు, పోలీసులకి దారి చూపించారు. పిల్లాడు బతికి దొరకలేదు. నేరస్తుల్లో ఒకడిని 1909లో ఉరితీశారు.

అసలైన పెద్ద వ్యాపారం ఇంకా పాతికేళ్ల తర్వాత మొదలైంది, అది ఎలా వచ్చిందో చూస్తే నవ్వొస్తుంది. 1934లో న్యూయార్క్ మేయర్ లా గార్డియా, ఆయనా ఇటాలియన్ కుటుంబంవాడే, ఊళ్లో జూదం స్లాట్ మెషీన్లన్నీ పట్టించి సమ్మెటతో తనే పగలగొట్టి ఫోటోలు తీయించుకున్నాడు. ఆ మెషీన్లు న్యూయార్క్ మాఫియా నాయకుడు ఫ్రాంక్ కాస్టెల్లోవి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలా అని చూస్తుంటే లూయిసియానాని గుప్పిట్లో పెట్టుకున్న సెనేటర్ హ్యూయీ లాంగ్ మా ఊరు పట్టుకురా అని పిలిచాడని కాస్టెల్లోనే తర్వాత సాక్ష్యంలో చెప్పుకున్నాడు. ఇప్పుడు జాతులు లెక్కపెట్టండి. కాస్టెల్లో సిసిలీవాడు కాదు, ఇటలీలోనే ఇంకో ప్రాంతమైన కలాబ్రియాలో పుట్టాడు. మెషీన్ల వ్యవహారం చూడటానికి పంపిన ఫిల్ కాస్టెల్ న్యూయార్క్ యూదుడు. హ్యూయీ లాంగ్ ఉత్తర లూయిసియానా బాప్టిస్ట్ కుటుంబంవాడు. సిసిలీ మాఫియా అని పేరుపడ్డ వ్యాపారానికి పునాది వేసింది వీళ్లు ముగ్గురు.

సిసిలీ వాళ్లు లేరని కాదు. ఆ మెషీన్లని నది అవతలి బార్లలో పెట్టించిన స్థానిక భాగస్వామి కార్లోస్ మార్చెల్లో. 1910లో ట్యునిస్‌లో సిసిలీ తల్లిదండ్రులకి పుట్టి, చంకబిడ్డగా లూయిసియానా వచ్చాడు. కుర్రతనంలో దోపిడీ కేసులో జైలుకెళితే గవర్నర్ క్షమాభిక్ష పెట్టి వదిలాడు, 1938లో గంజాయి అమ్మి మళ్లీ దొరికాడు. 1947లో అంతకుముందు నాయకుడు సామ్ కరోలాని దేశం నుంచి పంపించేశాక ఇతనే పెద్దయ్యాడు. దాదాపు మూడు దశాబ్దాలు. న్యూ ఓర్లీన్స్ పక్కనే జెఫర్సన్ పారిష్‌లో (పారిష్ అంటే అక్కడ జిల్లా లాంటిది) ఒక మామూలు మోటల్ వెనక ఆఫీసు, తలుపు మీద ఒక బోర్డు: ముగ్గురిలో రహస్యం నిలవాలంటే ఇద్దరు చచ్చిపోయుండాలి. ఏం పని చేస్తావు అని అడిగితే టమాటాలు అమ్ముకుంటాను అనేవాడు. నిజంగానే అతనికి టమాటా కంపెనీలో వాటా ఉంది, అక్కడికి మన కథ మళ్లీ కూరగాయల బండి దగ్గరికే వచ్చింది.

1951లో వ్యవస్థీకృత నేరాల మీద వేసిన కెఫావర్ సెనేట్ కమిటీ న్యూ ఓర్లీన్స్ వచ్చి విచారణ జరిపినప్పుడు మార్చెల్లో ప్రశ్నలకి నోరు విప్పలేదు, తన మీద తనే సాక్ష్యం చెప్పనక్కర్లేదనే రాజ్యాంగంలోని అయిదో సవరణ అడ్డం పెట్టుకున్నాడు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించింది ఆ పారిష్ షెరీఫ్ ఫ్రాంక్ క్లాన్సీ సాక్ష్యం. జూదం నడవనిచ్చిన మాట నిజమే అని ఒప్పుకున్నాడు, దానివల్ల ముసలివాళ్లకీ పేదవాళ్లకీ ఉద్యోగాలు దొరికాయి అన్నాడు. క్లాన్సీ ఐరిష్ పేరు. అతని చెయ్యి లేకుండా మార్చెల్లో మెషీన్ ఒక్కటి కూడా ఒక్క రాత్రి తిరిగేది కాదు, అయినా వ్యవస్థీకృత నేరం అనగానే ఎవరి ఇంటిపేరు గుర్తొస్తుందో చూడండి.

మార్చెల్లో ఎన్నడూ అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. అదే అతని బలహీనత అయింది. 1961 ఏప్రిల్‌లో అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీ అతన్ని ఉన్నపళంగా విమానం ఎక్కించి గ్వాటెమాలాకి పంపించేశాడు, ఎందుకంటే మార్చెల్లో దగ్గర అక్కడ పుట్టినట్టు దొంగ కాగితం ఉంది. రెండు నెలల్లోనే వెనక్కి వచ్చేశాడు. ఆ దొంగ కాగితం గురించి న్యూ ఓర్లీన్స్‌లో కేసు నడిచి, 1963 నవంబర్ 22న జ్యూరీ నిర్దోషి అంది, సరిగ్గా డల్లాస్‌లో రాబర్ట్ అన్న, అధ్యక్షుడు జాన్ కెన్నెడీని కాల్చిన రోజు. ఇంక కుట్ర కథలకి లోటేముంది. 1979లో కాంగ్రెస్ కమిటీ అతనికి ఉద్దేశం, అవకాశం ఉన్నాయి అంటూనే నేరుగా సాక్ష్యం దొరకలేదని రాసింది. అక్కడితో ఆగడం మంచిది. 1980లలో లంచాల కేసుల్లో జైలుకెళ్లి, ఒక శిక్ష అప్పీలులో కొట్టేస్తే 1989లో బయటికొచ్చి, 1993లో తన ఇంట్లో కన్నుమూశాడు. ఆ వ్యాపారం దాదాపు అతనితోనే ముగిసిపోయింది. రాష్ట్రమే లాటరీలు, క్యాసినోలు నడపనివ్వడం మొదలుపెట్టాక దొంగ జూదానికి గిరాకీ ఎక్కడిది?

ఈలోపు మిగతా సిసిలీ వాళ్లు, అంటే నూటికి తొంభైతొమ్మిది పాళ్లు, కొట్లు నడుపుకుంటున్నారు. 1906లో సాల్వటోర్ లూపో అనే అతను డెకేటర్ స్ట్రీట్‌లో సెంట్రల్ గ్రోసరీ పెట్టాడు. ఎదురుగా మార్కెట్‌కి వచ్చే సిసిలీ రైతులు మధ్యాహ్నం పూట గుండ్రటి నువ్వుల రొట్టె, మాంసం ముక్కలు, చీజు, ఆలివ్ ఊరగాయ విడివిడిగా కొనుక్కుని, పీపాల మీద కూర్చుని, మోకాళ్ల మీద పెట్టుకుని తినలేక అవస్థ పడేవారట. అన్నీ ఆ రొట్టెనే అడ్డంగా కోసి మధ్యలో పెట్టి ఇస్తే పోలా అనుకున్నాడు. అదే మఫలెట్టా. జాజ్‌లో మొట్టమొదటి రికార్డు 1917లో వేసిన బృందానికి నాయకుడు నిక్ లరాకా, సిసిలీ వలస చెప్పులు కుట్టేవాడి కొడుకు. ఆ సంగీతం కనిపెట్టింది తనేనని, నల్లవాళ్లు కాదని చివరిదాకా వాదించాడు, అది మాత్రం పచ్చి అబద్ధం. పక్క ఇంటివాళ్ల దగ్గర నేర్చుకుని పక్క ఇంటివాళ్లనే కాదనుకోవడం తెల్లవాడిగా గుర్తింపు కోసం కట్టిన రుసుం. 1961 నాటికి విక్టర్ స్కీరో అనే సిసిలీ కుటుంబంవాడు అదే నగరానికి మేయరయ్యాడు. 2019 ఏప్రిల్‌లో, 128 ఏళ్ల తర్వాత, లటోయా కాంట్రెల్ అనే మేయర్ నగరం తరఫున ఆ హత్యలకి క్షమాపణ చెప్పింది. ఆ నగరానికి మేయరైన మొదటి మహిళ ఆమె, నల్లజాతి మహిళ.

మార్చి 19 సెయింట్ జోసెఫ్ పండగ. 1891లో జైలు ముందు రెండు శవాలు వేలాడిన అయిదో రోజు వచ్చింది ఇదే పండగ, ఆ ఏడు ఎవరైనా జోసెఫ్ పేరిట విందు బల్ల పెట్టారో లేదో. ఇప్పుడైతే ఊరంతా పెడతారు, చర్చిల్లోనూ ఇళ్లలోనూ. మూడు మెట్ల బల్ల, పైన తెల్లగుడ్డ, నిచ్చెనలా సుత్తిలా రంపంలా చేసి కాల్చిన రొట్టెలు, అంజీరు పళ్లు కూరిన బిస్కెట్లు. ఉపవాసాల కాలం కాబట్టి మాంసం ఉండదు. పాస్తా మీద చీజుకి బదులు వేయించిన రొట్టె పొడి చల్లుతారు, జోసెఫ్ వడ్రంగి కదా, అది ఆయన రంపపు పొట్టు అన్నమాట. గుమ్మానికి పచ్చటి కొమ్మ కట్టి ఉంటే ఎవరైనా లోపలికి వచ్చి తినొచ్చు. వెళ్లేటప్పుడు చేతిలో ఒక ఎండు ఫావా గింజ పెడతారు, కరువులో సిసిలీ వాళ్లని బతికించిన చిక్కుడు జాతి గింజ అది, జేబులో ఉంటే డబ్బుకి లోటుండదట. ఆ రాత్రే నల్లవాళ్ల పేటల్లో మార్డీ గ్రా ఇండియన్లు అనే నల్లవాళ్ల బృందాలు ఈకల దుస్తులు వేసుకుని పాడుతూ వీధుల్లోకి వస్తారు, ఇద్దరికీ ఒకే పండగ ఎలా అయిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.

ఆ బల్ల మీద నిమ్మకాయలు కూడా ఉంటాయి. పెళ్లికాని అమ్మాయి ఎవరి కంటా పడకుండా ఒక నిమ్మకాయ దొంగిలిస్తే వచ్చే ఏడు పండగలోపు పెళ్లవుతుందని నమ్మకం. బల్ల పెట్టిన ముసలమ్మలు చూసీ చూడనట్టు అటు తిరిగి నిలబడతారు.